డర్బన్ నగర విస్తరణము: పొలముల పాఠము

ఒక నగరము పెరుగుటకు రెండు మార్గములు కలవు. అంతస్తుపై అంతస్తు కట్టి పైకి పెరుగుట మొదటిది. చుట్టునున్న పొలములలోనికి ఇండ్లను, బాటలను, దుకాణములను పరచుకొనుచు ప్రక్కలకు వ్యాపించుట రెండవది. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరము హెచ్చుగా రెండవ మార్గముననే నడచినది. నేడు ఆ నగరపు ఇండ్లు నిలిచియున్న నేలలో చాల భాగము ఒకప్పుడు సాగుభూమి. ఆ భూమిని త్రవ్విన చేతులలో తెలుగువారి చేతులును కలవు. కావున ఆ పొలములు ఏమైనవో, ఎట్లు పోయినవో ఆంధ్ర సంతతివారు తెలిసికొనుట యుక్తము.

1. పొలములు ఏర్పడిన విధము

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన మదరాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ డర్బన్ రేవును చేరినది. నాటినుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాలునకు వచ్చిరి. వారిలో ఎక్కువమంది మదరాసు రేవున ఓడనెక్కినవారు. విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాడు మున్నగు జిల్లాల తెలుగువారు అందులో నుండిరి. డర్బన్‌కు ఉత్తరమున మౌంట్ ఎడ్జ్‌కూంబ్, వెరులం, టొంగాట్ ప్రాంతముల చెరకు తోటలలో అనేకులు పనిచేసిరి.

ఒప్పందకాలము ముగిసిన పిమ్మట కొందరు స్వదేశమునకు మరలిరి. పెక్కుమంది ఇచటనే నిలిచిరి. నిలిచినవారిలో పలువురు పట్టణపు అంచున చిన్న చిన్న భూములను కౌలుకు తీసికొని కూరగాయలు పండించిరి. ఉమ్‌గేని నదీతీరమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పల్లపు నేల, సీ కౌ లేక్, కేటో మేనర్, క్లేర్‌వుడ్ వంటి చోట్ల ఇట్టి తోటలు వెలసినవి. తోటకూర, వంకాయ, బెండకాయ, సొరకాయ, చిక్కుడు, మిరప, చేమదుంప ఆ మడులలో పండెను. చేమదుంపను జూలూ ప్రజలు అమదుంబే అందురు. ఇరుజాతుల వంటయింటను అది కలదు. తెల్లవారకమునుపే గంపలను కావడిపై మోసికొని పట్టణపు వీధులలో అమ్ముట ఆనాటి తోటవారి నిత్యకృత్యము.

ఇచట పాఠకులు ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. డర్బన్ చుట్టునున్న సాగుభూమి రెండు విధములైనది. మొదటిది పెద్ద కంపెనీల చెరకు తోట. రెండవది కుటుంబము చేసికొనిన కూరగాయల తోట. ఈ రెండును నగరములో కలిసిపోయినవి గాని, కలిసిపోయిన కారణములు వేరు, కాలములు వేరు.

2. మొదటి మార్పు: చట్టముచేత పోయిన తోటలు

ముందుగా పోయినది కూరగాయల తోట. 1932లో డర్బన్ నగరము తన ఎల్లలను పెంచి, అంచునున్న భారతీయుల నివాసములను, తోటలను తనలో చేర్చుకొనెను. పొలమని పిలువబడిన నేల పట్టణభూమి ఆయెను. పట్టణపు పన్నులును నిబంధనలును దానికి వర్తించెను. దక్షిణ భాగమున క్లేర్‌వుడ్ పరిసరములు కర్మాగారములకు కేటాయింపబడగా అచటి తోటలు క్రమముగా సన్నగిల్లెను.

1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టము ఏ జాతివారు ఏ ప్రాంతమున నివసింపవలెనో ప్రభుత్వమే నిర్ణయించునట్లు చేసెను. 1958లో కేటో మేనర్ శ్వేతజాతివారి ప్రాంతముగా ప్రకటింపబడెను. అచటి భారతీయుల ఇండ్లు కూల్చబడెను. కొన్ని ఆలయములు మాత్రము నిర్జనమైన కొండవాలుపై నిలిచియుండెను. వెడలగొట్టబడినవారికై 1964లో చాట్స్‌వర్త్ అను నివాసప్రాంతము తెరువబడెను. అయితే చాట్స్‌వర్త్ నేల మాత్రము బీడు కాదు. అచట అంతకు ముందు భారతీయ రైతులే అరటి తోటలను, కూరగాయలను పెంచుచుండిరి. ఒక తోటనుండి త్రోసివేయబడినవారికి మరియొక తోటవారి నేలపై ఇండ్లు కట్టబడెను. ఈ సంగతిని గ్రహించినవారికి ఆ కాలపు అన్యాయము సంపూర్ణముగా తెలియును.

స్ప్రింగ్‌ఫీల్డ్ నేలకు నదియే బలము, నదియే భయము. ఉమ్‌గేని తెచ్చిన ఒండ్రుచేత పంట బాగుగా పండెను. ఆ నదియే 1917 అక్టోబరు మాసమున పొంగి, తీరమున నివసించిన వందలకొలది భారతీయులను పొట్టన పెట్టుకొనెను. మరల 1976లో వరద రాగా, టిన్ టౌన్ అనబడిన రేకుల ఇండ్ల వాసులు ఉత్తరమున చెరకు నేలపై కొత్తగా కట్టబడుచుండిన ఫీనిక్స్‌నకు తరలింపబడిరి. తరువాతి కాలమున స్ప్రింగ్‌ఫీల్డ్‌లో గిడ్డంగులు, పెద్ద దుకాణములు వెలసినవి.

3. రెండవ మార్పు: విక్రయముచేత పోయిన చెరకు

చెరకు భూమి పోయిన విధము వేరు. దానిని ఎవరును బలాత్కారముగా తీసికొనలేదు, యజమానులే అమ్మిరి. 1990ల నుండి మౌంట్ ఎడ్జ్‌కూంబ్, ఉమ్‌షాంగా కొండప్రాంతములలో చెరకు తీసివేసి, గోడలు గల నివాసములను, కార్యాలయములను నిర్మించిరి. 2001లో గేట్‌వే అను మహావిపణి తెరువబడెను. 2010 మే 1వ తేదీన లా మెర్సీ వద్ద కింగ్ షాకా విమానాశ్రయము పనిచేయ నారంభించెను. ఫీనిక్స్‌కును ఉమ్‌షాంగాకును నడుమ వెయ్యి హెక్టార్లకు మించిన కార్నూబియా చెరకు భూమిలో, పేదల ఇండ్లును వ్యాపారస్థలములును గల కొత్త పట్టణము రూపొందుచున్నది.

దీనికి కారణము సులభముగా తెలియును. చెరకు పండించు ఎకరము విలువ చక్కెర ధరను బట్టి యుండును. ఆ ఎకరము ప్రక్కనే రాజమార్గము వచ్చినచో, దాని విలువ ఇంటి స్థలపు ధరను బట్టి మారును. అది అనేక రెట్లు హెచ్చు. ముందు బాట వచ్చును, బాటవెంట దుకాణము వచ్చును, దుకాణమువెంట ఇండ్లు వచ్చును. ఇండ్లు వచ్చిన పిదప మరియొక బాట అవసరమగును. ఈ చక్రము ఒకసారి తిరుగ నారంభించినచో దానంతట అది ఆగదు.

4. లాభనష్టముల విచారణ

ఈ మార్పును కేవలము నిందించుట న్యాయము కాదు. చెరకు తోట స్వర్గము కాదు. అచట పూర్వులు ఎండలో వంగి, సర్దారుల అదలింపు విని, చాలీచాలని కూలికి పనిచేసిరి. అంతకుముందు ఆ నేల జూలూ ప్రజలది. నేడు రేకుల గుడిసెలలో జీవించు వేలాది కుటుంబములకు గట్టి ఇల్లు కావలెను. చెరకు మొక్క నిలువవలెనని, మనిషికి ఇల్లు వలదని ఎవరును చెప్పజాలరు.

అయినను నష్టములు నాలుగు కలవు. మొదటిది ఆహారము: పట్టణమునకు దగ్గరనున్న తోట పోయినచో కూరలు దూరమునుండి రావలెను, రవాణా ఖర్చును కొనువాడే భరించును. రెండవది నీరు: మట్టి వాననీటిని పీల్చుకొనును, కప్పును, తారుబాటయును పీల్చవు. 2022 ఏప్రిల్ మాసపు అతివృష్టికి ఆ రాష్ట్రమున 400 మందికి పైగా మరణించిరి. ఆ విపత్తునకు వానయే ముఖ్యకారణము. అయినను వాలులను, నదీతీరములను ఇండ్లతో నింపినచో ఎట్టి వానయైనను మరింత ప్రమాదకరమగును. మూడవది దూరము: ఇల్లొక చోట, పని యొక చోట, ఆలయ మొక చోట ఉన్నందున కారు లేనివాని కాలము బస్సులకే చెల్లును, వృద్ధులు ఇంటికే పరిమితమగుదురు.

నాలుగవ నష్టము మాటలది. ఆలయ తరగతులలో పిల్లలు మడి, నారు, గట్టు, చాలు, కళ్ళము అను మాటలను పుస్తకమున చదువుదురు. ఆ మాటలు తెలుపు వస్తువులను చూపుటకు దగ్గరలో పొలము లేదు. వస్తువు కంటికి కనబడనిచో మాట నాలుకపై ఎక్కువ కాలము నిలువదు. తోటపని విడిచిన కుటుంబములలో తెలుగు తగ్గుటకు ఇంగ్లీషు చదువొక్కటే కారణము కాదు. తెలుగున పిలిచి చేయవలసిన పని లేకపోవుటయు ఒక కారణమే.

5. మిగిలినది, చేయదగినది

అంతయు పోలేదు. వార్విక్ ప్రాంతమున 1934 నుండి నడచుచున్న ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌ను తీసివేసి పెద్ద విపణి కట్టవలెనని 2009లో ప్రయత్నము జరిగెను. అచటి వ్యాపారులు కలిసికట్టుగా ఎదిరింపగా ఆ ప్రయత్నము విరమింపబడెను. చిన్నవారు ఏకమైనచో ప్రణాళికయు మారునని ఇది నిదర్శనము.

చట్టములును కొంత తోడ్పడును. 1970 నాటి వ్యవసాయభూమి విభజన చట్టము ప్రకారము సాగుభూమిని ముక్కలు చేయుటకు వ్యవసాయ మంత్రి అనుమతి కావలెను. 2000 నాటి పురపాలక చట్టము నగర ప్రణాళికలో ప్రజలు పాల్గొనుటకు హక్కునిచ్చినది. ప్రణాళికా సభలు జరుగునపుడు ఆలయసంఘముల ప్రతినిధులు హాజరై, ఏ నేల పారునో, ఏ నేల మునుగునో పెద్దలనుండి విన్న సంగతులను తెలుపవచ్చును. అట్టి జ్ఞానము పటములలో ఉండదు.

ప్రతి ఇంటను ఒక పెరడును కాపాడుట మరియొక పని. కరివేపాకు చెట్టు, మునగ చెట్టు, నాలుగు మిరప మొక్కలు ఉన్నను చాలును. పిల్లలచేత విత్తించి, నీరు పోయించి, ప్రతి ఆకును తెలుగుపేరుతో పిలిపింపవలెను. ఆలయ ఆవరణములో కొంచెము నేల ఉన్నచో అచటను ఒక మడి కట్టవచ్చును.

అభ్యాసము

1. కూరగాయల తోటలు పోయిన విధమునకును, చెరకు భూములు పోయిన విధమునకును గల భేదమును వివరింపుడు.
2. చాట్స్‌వర్త్ నిర్మాణమున జరిగిన అన్యాయము రెండు కుటుంబములకు ఎట్లు తగిలినది?
3. ఇంటిలోని పెద్దలను అడిగి, వారి తల్లిదండ్రులు సాగుచేసిన నేల ఎచటనుండెనో, నేడు అచట ఏమున్నదో వ్రాసి తెండు.
4. ఆ నేలలో పండిన పది పంటల పేర్లను తెలుగున వ్రాయుడు.