డబ్బు కట్టకుండా సినిమా చూడటం

మొన్న జుమా నమాజు అయ్యాక ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి సలాం చేసి అడిగాడు: "మౌలానా సాబ్! సినిమా చూడటమే మంచిది కాదంటారు కదా. టికెట్టు కొంటే ఆ పనికి మన డబ్బు కూడా తోడవుతుంది. ఫోన్లో ఉచితంగా చూస్తే ఆ పాపమైనా తప్పుతుంది కదా?"

నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. మన ఇళ్ళల్లో చాలామంది మనసులో ఉన్న మాటే.

సినిమాలోని అశ్లీలం, వృథా కాలక్షేపం గురించి పండితులు చెప్పేది పాఠకులకు తెలిసిందే. ఇక్కడ సంగతి సొమ్ముది. ఒకరి సొమ్ము ఒకరు అధర్మంగా తినరాదని, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకమైతేనే సమ్మతమని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 29వ ఆయతు బోధిస్తోంది. సినిమా తీసినవాడు టికెట్టుకో, చందాకో ఒప్పుకున్నాడు. దొంగ కాపీకి ఒప్పుకోలేదు.

కాపీ తీసినా అతని సినిమా అతని దగ్గరే ఉంటుంది, ఇది దొంగతనం ఎలా అవుతుందని కొందరంటారు. ఈ విషయంలో మన పెద్దల్లోనూ భిన్నాభిప్రాయం ఉండేది. హఖ్ఖె తస్నీఫ్, అంటే రచయిత హక్కు, అమ్మదగిన సొత్తు కాదన్న ఉలమాలూ ఉన్నారు. ముఫ్తీ తఖీ ఉస్మానీ సాహెబ్ వంటివారు దాన్ని సొత్తుగానే ఎంచారు. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కూడా రచన, ఆవిష్కరణ హక్కులకు షరీఅత్ రక్షణ ఉందని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. మన దేశంలోనైతే 1957 నాటి కాపీరైటు చట్టం ఉండనే ఉంది. హాల్లో దొంగచాటుగా రికార్డు చేసేవారికి 2023 సవరణతో కనీసం మూడు నెలల జైలు.

ఇక, అది హరామే కదా అన్న వాదన. జిమ్మీకి, అంటే ఇస్లామీ రాజ్యంలోని ముస్లిమేతర పౌరునికి, చెందిన మద్యాన్ని ఒక ముస్లిం పారబోస్తే నష్టపరిహారం చెల్లించాలని హనఫీ గ్రంథం హిదాయాలో ఉంది. మద్యం మనకు హరామ్. అయినా అతని సొత్తు అతనిదే. కనుక ఉచితంగా చూసినవాడికి చూసిన పాపం తప్పదు, పరుల హక్కు కాజేసిన పాపం అదనంగా చేరుతుంది. మొదటిది దాసునికి, అల్లాహ్‌కు మధ్య సంగతి. రెండోది హుఖూఖుల్ ఇబాద్, ఉత్త తౌబాతో తీరేది కాదు. నమాజు, రోజాలు మూటగట్టుకుని వచ్చి, పరుల సొమ్ము తిన్నందుకు ప్రళయదినాన ఆ పుణ్యాలన్నీ వారికి పంచి దివాలా తీసేవాని గురించి దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

"మరి ఇప్పటిదాకా చూసినవి?" అన్నాడా అబ్బాయి, నెమ్మదిగా.

ఫోన్లో ఉన్నవి తీసెయ్యమన్నాము. ఇంటివాళ్ళ గ్రూపులో తాను పెట్టిన లింకులు కూడా. చూసినవాటి సొమ్ము యజమానికి చేర్చే దారి లేకపోతే, పుణ్యఫలం ఆశించకుండా ఆ మేరకు పేదలకు ఇచ్చెయ్యాలి.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అడిగాడు: "ఉర్దూ కితాబుల పీడీఎఫ్‌ల సంగతేమిటి మౌలానా?"

ప్రచురించినవారే ఉచితంగా పెట్టినవి నిశ్చింతగా చదువుకోవచ్చు. అమ్మకంలో ఉన్నదాన్ని వేరెవరో స్కాన్ చేసి పెడితే దానికీ ఇదే హుకుం. మదరసాలో చదివే రోజుల్లో అంగట్లో దొరికే ఒక షరహ్‌ను మేమూ మొత్తం జిరాక్స్ తీయించుకున్నాము. దాని వెల ఆ వారమే ప్రచురణకర్తలకు పంపించాము.