రాజీ పడే చోటు

చి. సుధకు పెదనాన్న ఆశీస్సులు.

శాసనసభ్యుడి దగ్గర బిల్లులు పరిశీలించే పనిలో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. "శాస్త్రం, ఆచారం అంటూ పట్టుబట్టేవాళ్లతో కూర్చుని చట్టం రాయడం కుదరదు పెదనాన్నా" అని రాశావే, దానికే ఈ జవాబు. కుదిరింది తల్లీ, మన దేశంలోనే.

హిందూ కోడ్ బిల్లు సంగతి చూడు. బెనెగల్ నరసింగరావు కమిటీ ముసాయిదా సిద్ధం చేసింది. అంబేడ్కర్ దాన్ని భుజాన వేసుకుని చట్టసభలో పోరాడారు. ధర్మం నాశనమవుతుందని గగ్గోలు పుట్టింది. రాజేంద్రప్రసాద్ అంతటివారే అడ్డు చెప్పారు. బిల్లు కదలక 1951లో అంబేడ్కర్ మంత్రి పదవి వదులుకున్నారు. తర్వాత నెహ్రూ ప్రభుత్వం దాన్నే ముక్కలు చేసి, 1955, 56 సంవత్సరాల్లో నాలుగు చట్టాలుగా గట్టెక్కించింది.

అందులో వివాహ చట్టాన్ని నిదానంగా చదువు. ఒకరుండగా ఇంకొకరిని కట్టుకోకూడదంది, విడాకులకు దారి ఇచ్చింది. పెళ్లి తంతు మాత్రం ఎవరి ఆచారం ప్రకారం వాళ్లు చేసుకోమంది. సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టేనని చట్టంలోనే రాసుకుంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లి కూడదంటూనే, ఆచారం ఉన్నవాళ్లను మినహాయించింది. మన వైపు మేనమామ సంబంధాలు చెల్లుతున్నది అందువల్లే. ఏ తంతూ వద్దనుకునేవాళ్లకు 1954లోనే ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. పురోహితుడు పోగొట్టుకున్నదేమీ లేదు, భార్యకు మాత్రం హక్కు వచ్చింది. అలాంటి రాజీకి నేను దండం పెడతాను.

ఆస్తి దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం మారింది. ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఇచ్చే మితాక్షర పద్ధతిని తీసేయాలన్నది మొదటి ముసాయిదా. 1956 వారసత్వ చట్టంలో అది అలాగే ఉండిపోయింది. తండ్రి వాటాలో కూతురికి భాగం దక్కింది కానీ పుట్టుహక్కు దక్కలేదు. మన రాష్ట్రంలో దాన్ని సరిదిద్దింది ఎన్టీఆర్ ప్రభుత్వం, 1985 సెప్టెంబరు 5 నుంచి. అదీ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే. మీ మేనత్తకు అప్పటికే పెళ్లయిపోయింది. 2005లో దేశమంతటా, పెళ్లయినవాళ్లకు కూడా ఆ హక్కు వచ్చేనాటికి మన పొలం పంపకాలు ఎప్పుడో ముగిశాయి.

1856 వితంతు వివాహ చట్టంలోనూ ఇదే తీరు. విద్యాసాగర్ పరాశర స్మృతినే ఆధారంగా చూపి ఆ చట్టానికి దారి వేశారు. శాస్త్రం ఎరిగినవాళ్లు మార్పుకు పనికిరారని ఎప్పుడూ అనుకోకు. కానీ ఆ చట్టమే, మళ్లీ పెళ్లాడిన వితంతువు మొదటి భర్త ఆస్తి వదులుకోవాలంది.

అందుకని, ఆచారం పేరెత్తి ఎవరు వచ్చినా ఓపిగ్గా విను. పద్ధతి పోతుందన్న దిగులూ, పెత్తనం పోతుందన్న కోపమూ ఒకే గొంతులో కలిసి వినిపిస్తాయి. దిగులుకు చట్టంలో చోటివ్వు: తంతులో, పేరులో, అమలు గడువులో ఎంతైనా తగ్గు. పెత్తనం కోసం మాత్రం ఒక్క క్లాజు కూడా వదలకు. ఆ చర్చకు రాలేని ఆడపిల్ల వాటాలోంచే అది పోతుంది.

కమిటీకి నోట్ రాసేటప్పుడు, రాజీలో ఎవరి హక్కు తగ్గిందో వేరే పేరాలో రాయి. మీ సభ్యుడికి నచ్చకపోయినా రాయి. వీలు చేసుకుని హిందూ కోడ్ చర్చలు తెప్పించుకో. వ్యతిరేకించినవాళ్ల ప్రసంగాలు ముందు చదువు. ఏది దిగులో, ఏది పెత్తనమో పక్కన పెన్సిల్‌తో గుర్తుపెట్టి నాకు పంపు.

మీ పెదనాన్న