నేర్చినవాడే నేర్పగలడు

పాఠ్యభాగ ఉద్దేశం

పరదేశంలో బోధన చేయదలచినవారు ముందుగా తామే విద్యార్థులు కావలసి ఉంటుంది. తెలుగు నేల మీదికి వచ్చిన మిషనరీల భాషాశిక్షణను, తెలుగునాటి నుంచి అట్టి సేవకై కదలినవారి అనుభవాన్ని పరిశీలించి, భాషాభ్యాసానికీ బోధనకూ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒకరికి ఏదైనా బోధించాలంటే రెండు విషయాలు తెలిసి ఉండాలి. చెప్పదలచిన అంశం తెలియాలి. వినేవారి భాష తెలియాలి. మొదటిది గ్రంథాల వలన లభిస్తుంది. రెండవది మనుషుల సాంగత్యం వలన మాత్రమే సిద్ధిస్తుంది. మతబోధ, విద్య, వైద్యం మొదలైన పనుల కోసం ఒక సంస్థ పంపగా దూరదేశానికి వెళ్లే వ్యక్తిని మిషనరీ అంటారు. స్వదేశంలో ఎంత చదివినవాడైనా, పరదేశంలో ఓడ దిగిన నాడు అతడు అక్షరాలు రాని శిశువే. ఆ శైశవాన్ని అతడు ఎంత ఓర్పుతో దాటాడన్న దానిపైనే అతని తరువాతి జీవితం ఆధారపడుతుంది.

హైదరాబాదు తూర్పుభాగంలోని మల్కాజిగిరి, నాచారం, ఉప్పల్ ప్రాంతాల విద్యార్థులకు ఇది దూరపు విషయం కాదు. ఉప్పల్‌కు సమీపాన రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీలో క్రైస్తవ గురువులు కాబోయే యువకులు శిక్షణ పొందుతారు. నాచారానికి చేరువలోని తార్నాకలో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో కేంద్రీయ ఆంగ్లభాషా సంస్థగా ఆరంభమై, 1972లో విదేశీ భాషలను చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఈ సంస్థ భాషలను నేర్పడంతో తృప్తిపడదు. భాష నేర్పేవారిని కూడా తీర్చిదిద్దుతుంది. భాష తెలియడం ఒకటి, దానిని బోధించడం తెలియడం మరొకటి. నేడు ఇంత స్పష్టంగా కనిపించే ఈ భేదాన్ని తొలితరం మిషనరీలు కష్టపడి తెలుసుకొన్నారు.

ఇసుకలో దిద్దిన అక్షరాలు

1706లో బార్తొలోమియస్ జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ యువకుడు తన సహచరుడు ప్లూట్‌షౌతో కలిసి తమిళదేశంలోని తరంగంబాడిలో దిగాడు. అప్పటికి అతనికి దాదాపు ఇరవై నాలుగేళ్లు. హాలే నగరంలో వేదాంతం చదివినా తమిళం ఒక్క ముక్క రాదు. అతడు వీధిబడి పంతులును తన బసలోనే బడి నడపమని కోరి, పిల్లల సరసన కూర్చొని ఇసుకలో అక్షరాలు దిద్దాడు. దైవవిద్య చదివివచ్చిన వ్యక్తి ఐదేళ్ల పిల్లల నడుమ కూర్చోవడానికి సంకోచించలేదు. భాషాశిక్షణకు తొలిమెట్టు వినయమని ఈ ఘట్టం చెబుతుంది.

అదే మార్గంలో వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగువారి నడుమ పనిచేస్తూ తెలుగు నేర్చి, 1728లో ఆ భాషకు లాటిన్‌లో వ్యాకరణం వ్రాశాడు. స్వదేశానికి తిరిగివెళ్లిన పిదప 1746, 1747 సంవత్సరాల ప్రాంతంలో హాలేలో తెలుగు లిపిలో చిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా పరిశోధకులు వాటినే పేర్కొంటారు. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరి, ఆనందరాయర్ అనే పండితుని సహాయంతో సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకొన్నారు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించారు. వారి అనువాదంలోని మూడు సువార్తలు వారి మరణానంతరం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. భాష నేర్వడానికి పట్టిన కాలమే వారి సేవాకాలంలో అధికభాగమన్నమాట.

మచిలీపట్నంలో రెండేళ్ల మౌనం

శిక్షణ అవసరాన్ని గుర్తించిన చర్చి మిషనరీ సొసైటీ 1825లో లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో మిషనరీల కోసం ఒక కళాశాలను నెలకొల్పింది. అయితే 1841లో ఆ సంస్థ తెలుగుదేశానికి పంపిన తొలి ఇద్దరూ విశ్వవిద్యాలయ విద్య ముగించుకొని వచ్చినవారే. హెన్రీ వాట్సన్ ఫాక్స్ ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు; ఇరవై నాలుగేళ్లైనా నిండని యువకుడు. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ కేంబ్రిడ్జిలో చదివినవాడు, ముప్పై దాటినవాడు. ఇద్దరూ మచిలీపట్నంలో స్థిరపడ్డారు.

నోబుల్ వచ్చింది బడి పెట్టడానికి. కాని వచ్చిన వెంటనే బడి పెట్టలేదు. రెండేళ్లపాటు తెలుగును అభ్యసించాడు. 1843 నవంబరులో గాని పాఠశాల తలుపు తెరవలేదు. అది ఆంగ్లవిద్య నేర్పే పాఠశాల. తెలుగు రాకున్నా పాఠం చెప్పవచ్చునని మరొకరైతే భావించేవారు. పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో, ఏ భావాన్ని తన భాషలో ఎట్లా ఊహించుకొంటున్నాడో తెలియని ఉపాధ్యాయుడు పాఠం అప్పజెప్పగలడే గాని బోధించలేడు. ఆ రెండు సంవత్సరాల మౌనం వ్యర్థం కాలేదు. ఆ పాఠశాలే కాలక్రమాన నోబుల్ కళాశాలగా పేరొందింది. రఘుపతి వేంకటరత్నం నాయుడు అక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కోపల్లె హనుమంతరావు అక్కడ చదువుకొన్నారు.

ఫాక్స్ మార్గం వేరు. అతడు ఊళ్ల వెంట, తిరునాళ్ల వెంట తిరుగుతూ జనంతో మాట్లాడేవాడు. బడిలోని తెలుగు ఒకటి, సంతలోని తెలుగు మరొకటి. అనారోగ్యం వెంటాడగా, భార్యావియోగం కుంగదీయగా, అతడు 1848లో ఇంగ్లండులో ముప్పై ఒకటో ఏట మరణించాడు. నోబుల్ మాత్రం మళ్లీ స్వదేశం చూడలేదు. 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు.

వీరి ప్రధానోద్దేశం మతప్రచారమన్నది మరువరానిది. నాటి సమాజం వారిని అనుమానంతో చూడడం కూడా సహజమే. 1852లో ఇద్దరు విద్యార్థులు మతం మారినప్పుడు తల్లిదండ్రులు కలవరపడి పిల్లలను మాన్పించగా నోబుల్ పాఠశాల కొంతకాలం వెలవెలబోయింది. భాష మనిషికి గడప దాకా దారి చూపుతుంది. లోపలికి రానిచ్చేది విశ్వాసం. ఆ విశ్వాసం ఎంత సున్నితమైనదో ఈ సంఘటన తెలుపుతుంది.

తెలుగు పెట్టిన పరీక్షలు

విదేశీయునికి తెలుగు పెట్టే పరీక్షలు పలురకాలు. త-ట, ద-డ, న-ణ అక్షరాల భేదం మొదటిది. వాక్యం చివర క్రియ రావడం రెండవది. అసలు సంగతి వాక్యాంతంలో గాని బయటపడదు. అందుచేత తెలుగు వినేవాడు తుదిదాకా ఓర్పుతో వినాలి. "నాకు తెలుసు", "నాకు ఆకలిగా ఉంది" అనే వాక్యాలలో తెలిసినవాడు, ఆకలిగొన్నవాడు కర్తగా గాక "కు" ప్రత్యయంతో రావడం మూడవది.

వీటన్నిటికంటె సూక్ష్మమైనది "మేము", "మనము" అనే భేదం. ఆంగ్లంలో రెండింటికీ ఒకే మాట. తెలుగులో "మేము" అంటే వినేవాడు వెలుపల ఉంటాడు. "మనము" అంటే వినేవాడూ లోపల ఉంటాడు. గ్రామస్థుల ఎదుట నిలిచి "మా ఊరు" అన్న బోధకుడు పరాయివాడు. "మన ఊరు" అన్నవాడు ఆ ఊరివాడు. అయితే ఆ మాటను వాడే అర్హత వ్యాకరణం ఇవ్వదు. కలిసి బ్రతికిన కాలం ఇస్తుంది. నువ్వు, మీరు, అతడు, ఆయన, వారు అనే గౌరవభేదాలు కూడా ఇట్టివే. వీటిలో పొరపడితే వ్యాకరణదోషం కాదు, మర్యాదాదోషం అవుతుంది.

కానరాని గురువులు

ఈ శిక్షణ అంతా మున్షీలనబడే దేశీయ పండితుల చేతుల మీదుగా జరిగింది. కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్టు సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది. 1817లో మద్రాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు వెలగపూడి కోదండరామ పంతులు తెలుగు నేర్పారు. అదే కళాశాల పండితుడైన రావిపాటి గురుమూర్తి శాస్త్రి విద్యార్థుల కోసం విక్రమార్కుని కథలను వచనంలో వ్రాశారు. పద్యమే సాహిత్యమనుకొనే కాలంలో తెలుగు వచనం పెంపొందడానికి విదేశీ విద్యార్థుల అవసరం కూడా ఒక కారణమైంది. మచిలీపట్నంలో పనిచేసిన ఎ. హెచ్. ఆర్డెన్ 1873లో ప్రకటించిన తెలుగు వ్యాకరణం సులభం నుంచి కఠినానికి క్రమంగా సాగుతుంది. తాను పడిన శ్రమ తన తరువాతివారు పడకూడదన్న తలంపు దానిలో కనిపిస్తుంది. కాని ఇట్టి గ్రంథాల మీద విదేశీయుల పేర్లు నిలిచాయి. వారికి అక్షరాలు దిద్దించిన మున్షీలలో అధికసంఖ్యాకుల పేర్లు కాలగర్భంలో కలిసిపోయాయి.

పుస్తకాల తెలుగుకూ జనుల తెలుగుకూ గల దూరం వీరిని నిరంతరం బాధించింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఉత్తరాంధ్రలో పాఠశాలల పర్యవేక్షకుడుగా ఉన్న జె. ఎ. యేట్స్, తాను పుస్తకాలలో నేర్చిన తెలుగు ప్రజల నోట ఎందుకు వినబడదని ప్రశ్నించాడు. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి పంతుళ్లను కదిలించి, వ్యావహారిక భాషోద్యమానికి ఒక ప్రేరణ అయింది. నేర్చుకొనేవాని సందేహం నేర్పేవారినే ఆలోచింపజేసింది.

తెలుగునేల నుంచి

ఈ ప్రయాణం ఒకవైపే సాగలేదు. 1860 నుంచి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరారు. మద్రాసు ఓడరేవు నుంచి వెళ్లినవారిలో తెలుగువారు గణనీయంగా ఉండేవారు. వారి కోసం నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను మిషనరీగా పంపారు. తెలుగువారు తమ ఖర్చుతో తమ మనిషిని విదేశానికి పంపడం విశేషం. రంగయ్యకు శ్రోతల భాష నేర్వవలసిన పని లేకపోయింది. అది అతని తల్లిభాషే. చెరకుతోటలలో, తేయాకు తోటలలో ఏళ్ల తరబడి పరాయిమాటల నడుమ బ్రతికినవారికి తమ మాట మాట్లాడే బోధకుడు దొరకడం ఎంతటి ఊరటో ఊహించవచ్చు. అతడు 1915లో మరణించాడు. అక్కడి తెలుగువారు తమ భాషాసంస్కృతులను నిలుపుకోవడానికి 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు.

మతంతో నిమిత్తం లేకుండా ఇదే ధర్మాన్ని ఆచరించినవారు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న ఆయన కొండలలోని సవర బాలలకు చదువు చెప్పాలనుకొన్నారు. వారికి తెలుగు రాదు; తనకు సవర భాష రాదు. వారే తెలుగు నేర్చుకోవాలని ఆయన అనలేదు. సవర భాష తెలిసినవారిని తన ఇంట ఉంచుకొని తాను ఆ భాష నేర్చారు. లిపి లేని ఆ భాషలో వాచకాలు కూర్చారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1931లో సవర భాషా వ్యాకరణం వెలువరించారు. అడవుల వెంట తిరిగి మలేరియా సోకగా, వాడిన క్వినైను వలన ఆయన వినికిడి శక్తి క్షీణించింది. ఒక జాతి మాట వినడానికి వెళ్లిన మనిషి చెవులనే వెలగా చెల్లించారు.

ముగింపు

నేడు విదేశాలకు వెళ్లే యువతీయువకులకు భాషాశిక్షణ సంస్థలు, ధ్వనిముద్రణలు, కంప్యూటరు సాధనాలు అందుబాటులో ఉన్నాయి. జీగెన్‌బాల్గ్‌కు ఇసుక తప్ప పలక లేదు. సాధనాలు మారినా సూత్రం మారలేదు. ఎదుటివాని భాష నేర్వడమంటే అతని ఎదుట తన అజ్ఞానాన్ని అంగీకరించడమే. దానికి దేశం దాటనవసరం లేదు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలకు ఇతర రాష్ట్రాల నుంచి కార్మిక కుటుంబాలు వస్తున్నాయి. ఆ పిల్లలకు చదువు చెప్పదలచిన విద్యార్థి ముందుగా వారి నుంచి నాలుగు మాటలు నేర్చుకొంటే, అతని బోధకజీవితం ఆ రోజే ఆరంభమవుతుంది.

కఠినపదాలు - అర్థాలు

సాంగత్యం = కలిసి ఉండడం, చెలిమి
శైశవం = పసితనం
సంకోచం = వెనుకాడడం
వెలవెలబోవు = కళ తప్పు
మున్షీ = భాష నేర్పే పండితుడు
కుంపిణీ = ఈస్టిండియా కంపెనీ
నిమిత్తం = సంబంధం, కారణం
వెల = మూల్యం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బోధకుడు ముందుగా విద్యార్థి కావాలన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
2. గిడుగు రామమూర్తి సవర భాషాసేవను, నోబుల్ భాషాభ్యాసాన్ని పోల్చి వ్రాయండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. జీగెన్‌బాల్గ్ తమిళం ఎట్లా నేర్చుకొన్నాడు?
2. తెలుగు వచనం పెంపొందడానికి ఫోర్టు సెయింట్ జార్జి కళాశాల ఎట్లా తోడ్పడింది?
3. యేట్స్ వేసిన ప్రశ్న ప్రాధాన్యం ఏమిటి?

III. భాషాభ్యాసం
1. "మేము", "మనము" అనే పదాలను ప్రయోగిస్తూ రెండేసి వాక్యాలు వ్రాసి, వాటి అర్థభేదం వివరించండి.
2. మీ వీధిలో తెలుగు కాక మరొక భాష మాట్లాడేవారి నుంచి పది మాటలు సేకరించి, తెలుగు లిపిలో అర్థాలతో వ్రాయండి.