గొంగడి వెనుక చేతులు

గొంగడి అనగానే మనకు కురుమల మగ్గం గుర్తొస్తుంది. దారం వడికిన చేతులు మాత్రం గుర్తురావు.

నల్ల దక్కనీ గొర్రెలకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఏకిన ఉన్నిని రాట్నం మీద దారం తీసేది ఆడవాళ్లే. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద మగవాళ్లు నేస్తారు. రంగు అద్దరు, గొర్రె రంగే గొంగడి రంగు. గొంగడి కప్పుకున్న కాపరి వానలోనూ మంద వెంట నిలబడతాడు.

కొలంబియా దేశంలో అరుహాకో స్త్రీలు ఉన్నితో సంచులు అల్లుతారు. ఆ సంచికి వాళ్ల తెగ పేరే లోకంలో స్థిరపడింది. మన దగ్గర గొంగడి కొనేవాడు, వడికిందెవరని ఎప్పుడైనా అడిగాడా?

ఇప్పుడు ఉన్నికే కరువొచ్చింది. మాంసం కోసం ఉన్ని రాని నెల్లూరు రకం గొర్రెల పెంపకం పెరిగింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీపై 21 గొర్రెల చొప్పున పంచడం మొదలుపెట్టింది. ఎందరికో జీవనోపాధి దొరికింది, కాదనను. కానీ అందులో లెక్క మాంసానిదే, రాట్నానిది కాదు.

సెలవులకు పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ నాయనమ్మలను అడిగి ఉన్ని రకాల పేర్లు, రాట్నం భాగాల పేర్లు రాసుకు రండి. మా నాయనమ్మ చెప్పినవాటితో నా నోటుబుక్కు సగం నిండింది.