ఫార్మాట్ కొట్టించే ముందు

విజయవాడ

చిరంజీవి అమ్మలుకి,

రాత్రి ఫోన్లో కంగారులో సగం మాటలు మింగేశావు. ఫోటోషాప్ 'స్క్రాచ్ డిస్క్ ఫుల్' అని మొరాయిస్తోందనీ, తెల్లారగానే కంప్యూటర్‌ని ఫార్మాట్ కొట్టించడానికి పట్టుకెళ్తావనీ అర్థమైంది. ఆగమ్మా. కంప్యూటర్‌కి జబ్బేమీ లేదు, ఉండటానికి చోటు లేదంతే.

ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ హార్డ్ డిస్క్ మీద కాస్త జాగా అరువు తీసుకుంటుంది. ఆ అరువు జాగానే స్క్రాచ్ డిస్క్. మామూలుగా సి డ్రైవ్ మీదే పడుతుంది. నీ సి డ్రైవ్ నిండా తమ్ముడి సినిమాలే కదా! ముందు వాటిని డి లోకి తరలించి, రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యి. తర్వాత ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్స్ తెరిచి డి కి టిక్ పెట్టు. అసలు ఫోటోషాప్ తెరుచుకోకపోతే, తెరిచేటప్పుడే కంట్రోల్, ఆల్ట్ రెండూ నొక్కి పట్టుకో, డ్రైవ్ ఎంచుకోమని అదే అడుగుతుంది.

ఇదంతా పైపూత. అసలు సంగతి వేరే ఉంది. పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఫ్లెక్సీకి రిజల్యూషన్ అంగుళానికి 300 పెట్టానన్నావు చూడు, నాకు అక్కడే నవ్వొచ్చింది. పదడుగులంటే 120 అంగుళాలు. 300తో హెచ్చవేస్తే 36,000 పిక్సెళ్ళు. ఎత్తు 21,600. ఆర్‌జీబీలో ఒక్క లేయరే 2 జీబీ దాటిపోతుంది. దాని మీద వినాయకుడు, పూలదండలు, పెళ్ళికొడుకు తరఫు వాళ్ళ ఫోటోలు! పైగా మామూలు పీఎస్‌డీ ఫైలు 30,000 పిక్సెళ్ళకు మించి ఒప్పుకోదు. అదే 72 పెడితే వెడల్పు 8,640, ఎత్తు 5,184, లేయరు సుమారు 130 ఎంబీ. పెళ్ళికార్డుని చేతిలో పట్టుకుని చూస్తారు, దానికి 300 కావాలి. ఫ్లెక్సీని రోడ్డు అవతల నుంచి చూస్తారు. 72 ఎక్కువే గానీ తక్కువ కాదు.

ఇప్పుడు తెరిచి ఉన్న ఫైలు మూసెయ్యకు. ఎడిట్ మెనూలో పర్జ్ కింద హిస్టరీ ఖాళీ చేసి, పెద్ద ఫైళ్ళ ఫార్మాట్ పీఎస్‌బీలో సేవ్ చేసుకో. పర్జ్ చేశాక అండూ ఉండదు, గుర్తుంచుకో. ఆ తర్వాత వేరే పేరుతో కాపీ తీసుకుని, దాంట్లోనే ఇమేజ్ సైజు తగ్గించు.

ఫార్మాట్ మాటెత్తితే నాకు ఒళ్ళు మండటానికి కారణం ఉంది. ఓ పెళ్ళిళ్ళ సీజన్లో కంప్యూటర్ నెమ్మదించిందని ఎవరో చెబితే ఫార్మాట్ కొట్టించాను. ఫైళ్ళు డి లో భద్రంగానే ఉన్నాయి. కానీ పేజ్‌మేకర్‌లో కార్డు తెరిస్తే వధూవరుల పేర్లున్న చోట ఇంగ్లీషు అక్షరాల గజిబిజి! అను ఫాంట్లు సి తోపాటే పోయాయి. అవి యూనికోడ్ కావు, ఫాంటు లేకపోతే తెలుగే కనబడదు. ఆ రాత్రి పక్క ఊరి నుంచి సీడీ తెప్పించుకున్నాను. అప్పట్నుంచి ఫాంట్లకి వేరే ఫోల్డరు, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ. నువ్వూ అలాగే పెట్టుకో.

మొన్న 'స్త్రీ'లో వత్తులు విడిపోతున్నాయన్నావుగా, అది యూనికోడ్ ఫాంటు తప్పు కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద నీ వర్షన్‌ని బట్టి వరల్డ్ రెడీ లేఅవుట్ అని గానీ, మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని గానీ ఉంటుంది. అది ఎంచుకుని ఫోటోషాప్ మూసి తెరువు. కోరల్‌డ్రాలో అయితే ప్రెస్సుకి పంపే కాపీలో అక్షరాలన్నీ కంట్రోల్ క్యూతో కర్వ్స్ చేసెయ్యి. అసలు ఫైలు మాత్రం ముట్టుకోకు, ముహూర్తం మారితే మళ్ళీ దిద్దాలి.

ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యి. నాలుగు కలిపి మారిస్తే దేనితో బాగుపడిందో నీకే తెలీదు. ఇంకా కుదరకపోతే ఫోన్ చెయ్యి, కానీ ముందు తెర మీది మెసేజ్ ఫోటో తీసి పంపు. 'ఏదో వచ్చింది మామయ్యా, ఓకే కొట్టేశాను' అనకు. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య