ఊరు కదల్లేదు, జిల్లాలే మారాయి

ప్రశ్న: మాది ఒంగోలు పక్కన పల్లెటూరు. చుట్టాలందరం కలిసి ఇంటర్నెట్‌లో వంశవృక్షం రాస్తున్నాం. 1898లో పుట్టిన ముత్తాతగారికి నేను ‘నెల్లూరు జిల్లా’ అని రాస్తే, పెదనాన్నగారి అబ్బాయి ‘ప్రకాశం’ అని దిద్దేస్తున్నాడు. దాంతో ఆ సైటులో ఒకే ఇంటివాళ్లు తలో జిల్లా వర్గంలో (కేటగిరీలో) పడ్డారు. ఏది ఒప్పు?

జవాబు: మీరు రాసిందే ఒప్పు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. రాష్ట్రం సంగతి సరేసరి: 1953 వరకు మద్రాసు, ఆపైన మూడేళ్లు ఆంధ్ర, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్. తాతగారు 1920లో, నాన్నగారు 1955లో, మీరు 1975లో అదే వసారా గదిలో పుట్టారనుకోండి, ముగ్గురికీ మూడు చిరునామాలు!

ముత్తాతగారి జన్మస్థలం గడిలో ఆనాటి పేరే ఉంచండి: ‘ఒంగోలు తాలూకా, నెల్లూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ’. రేపు ఎవరైనా పాత కాగితాలు వెతికితే ఆ పేరే దారి చూపిస్తుంది. నేటి జిల్లా పేరు పక్కన వివరణలో రాయండి.

వర్గాన్ని మాత్రం జిల్లాతో కాక ఊరితో మొదలుపెట్టండి. ఊరికి ఒకే వర్గం, ఒకే స్పెల్లింగు. ఆ వర్గాన్ని నెల్లూరు, గుంటూరు, ప్రకాశం మూడింటి కిందా చేర్చండి. అప్పుడు నాలుగు తరాలూ ఒకే చోట కనిపిస్తాయి. ఏ ఏడు ఏ జిల్లానో ఆ వర్గం పేజీలోనే రాసిపెడితే మీ అన్నయ్యా దిద్దడం మానేస్తారు.