యిర్మీయా మొర, ఎబెద్మెలెకు తోడు

ప్రశ్న: విశ్వాసము నిమిత్తము స్వజనులే నన్ను దూరముంచుచున్నారు, ప్రార్థన కూడ రాకున్నది. ఏమి చేయుదును?
– ఒక సోదరి, నారాయణఖేడ్

జవాబు: అమ్మా, మీ దుఃఖము అవిశ్వాసము కాదు. క్రీ.పూ. 627 ప్రాంతమున పిలుపునందిన యిర్మీయా ప్రవక్త, తన ఊరైన అనాతోతులోని స్వజనులే ప్రాణము తీయజూడగా, యాజకుడగు పషూరు బొండలో వేయింపగా, తాను పుట్టిన దినమునే శపించుకొనియు, ఆ మొరను దేవునికే వినిపించెను. కావున రాని ప్రార్థనకై వగవక, ఉన్న బాధను ఉన్నట్లే ఆయనయెదుట పలుకుడు; బంధువులతో వాదము మాని, వారి కష్టసుఖములకు మాత్రము తప్పక పొండు. మరియొకప్పుడు బురదగోతిలో దిగబడిన ఆ ప్రవక్తను, రాజగృహమందలి కూషీయుడగు ఎబెద్మెలెకు, త్రాళ్లు ఒరయకుండ చంకలక్రింద పాతగుడ్డలు పెట్టుకొనుమని చెప్పి, పైకి లాగించెను. ఆ చిన్న శ్రద్ధ నాకు మహత్తరముగ తోచును. అట్టివారిని మీ సంఘమున ఒకరినైనను వెదకుకొనుడు. నిద్రాహారములు తప్పినను, చావుతలంపు కలిగినను వెంటనే వైద్యుని, పాస్టరుగారిని కలియుడు. ఎవరైన కొట్టినను, బెదరించినను పోలీసు ఠాణాకు పోవుటకు జంకకుడు.